వేళ్ళకు స్పర్శ పోయాక

ఆ రోజు మగ్గం గుంతలో కూర్చుంటే, నేసిన బట్ట చుట్టే కర్ర నా పొట్టకు ఒత్తుకుంది. మాది కోడుమూరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అదే మగ్గం, అదే గుంత. తిండి సగానికి తగ్గినా పొట్ట పెరుగుతోంది. గ్యాస్ అనుకుని నెల రోజులు వాము నీళ్ళు తాగాను.

కర్నూలులో స్కానింగ్ తీసి ఓవరీలో గడ్డ అన్నారు. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచారు. నాతో మాత్రం మా ఆయన, "ఏం లేదులే, నీరు చేరిండాది" అన్నాడు. ఆపరేషన్ అయింది, కీమో మొదలైంది. అది క్యాన్సర్ అని నాకు చెప్పింది పక్క మంచం ఆమె. నా రోగం మా వీధి వీధికంతా తెలిసి నాకొక్కదానికే తెలియలేదు. తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. నోట్లో ఇనుము నాకినట్టుండే రుచి కూడా పోయింది. కీమోతో వచ్చిన వేళ్ళ తిమ్మిరి మాత్రం పోలేదు. ఒకరోజు రొట్టె కాలుస్తుంటే మాడు వాసన వచ్చింది. చూస్తే కాలుతున్నది నా వేలు. పోగు తెగితే చేతికి తగిలేది కాదు. లంగా బొందు కూడా మా ఆయనే కట్టేవాడు. నా ఒళ్ళంటే నాకే అసహ్యమేసింది.

వేళ్ళు కొంచెం తేరుకుంటుండగా గడ్డ మళ్ళీ వచ్చింది.

"నయం కావడం కష్టం. మళ్ళీ కీమో ఇస్తే కొన్ని నెలలు కలిసి రావచ్చు" అన్నారు డాక్టరు, మా ఆయన వైపే చూస్తూ.

"సార్, నేను ఈడుండా. నా వేళ్ళేమవుతాయి?"

"తిమ్మిరి పెరుగుతుందమ్మా. తగ్గకపోవచ్చు."

ఇంటికొచ్చాక మా ఆడబిడ్డ పట్టుకుంది. "చీర నేయకుంటే ఎవరేడుస్తాండారు వదినా? మనిషుంటే చాలదా?"

"మూడు పూటలా వచ్చి నా బొందు కడతావా?" అన్నాను. నవ్వబోయి ఏడ్చింది.

మా ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు లేకుంటే నేనెట్లుండాలని అడగ్గూడదా?"

"అడగొచ్చు. ఈ వేళ్ళతో నేనెట్లుండాలో కూడా అడుగు."

కీమో వద్దన్నాను.

ఇప్పుడు పొట్టలో నీరు చేరితే కర్నూలు పోయి తీయించుకుంటున్నాను. నొప్పికి మాత్రలున్నాయి. ఆయన నేస్తుంటే తెగిన పోగులు నేను అతుకుతాను, కొన్ని జారిపోతాయి.

డాక్టరు దగ్గరికి పోయేముందు, మీరు వదులుకోలేని పని ఒకటి మనసులో అనుకొని పోండి. ఈ మందు వాడితే అది చేసుకోగలనా అని మీ నోటితోనే అడగండి. ఆయన మీ ఇంటివాళ్ళకు జవాబు చెప్పబోతే, ఇటు తిరిగి చెప్పమనండి.