టైమాఫీసు అయ్యకు మా తెలుగు తెలుసు

మా టైమాఫీసు అయ్య పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను మిల్లు గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్ మీద అరుస్తున్నాను. ఎందుకు అరుస్తున్నానో ఇప్పుడు గుర్తు లేదు. ఆ పిల్ల ఏడవలేదు. "అప్పా పోయిట్టారుంగమ్మా" అని తమిళంలో ఒక్క మాట అని ఫోన్ పెట్టేసింది. షిఫ్టు మారే వేళ అది. నా పక్కనుంచే ఆడవాళ్ళు లోపలికి పోతున్నారు. వాళ్ళందరికీ చెప్పాలి.

సింగానల్లూరులో మాది చిన్న నూలు మిల్లు. అరవై మంది పనివాళ్ళు. నాయన పోయాక నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. అయ్య మా దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా టైమాఫీసులో పనిచేశారు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరు సెలవులో ఉన్నారు అని రాసుకోవడం ఆయన ఉద్యోగం. పనివాళ్ళ చట్టాల్లో ఏది మారినా పట్టుకొచ్చి మా చెవిన వేయడం ఎవరూ చెప్పకుండానే ఆయన నెత్తిన వేసుకున్న పని. తమిళ మనిషి. నన్ను గౌను వేసుకున్న వయసునుంచీ చూసినవారు. ఎదురుగా ఎవరూ లేకపోతే ఇప్పటికీ నన్ను "పాపా" అనే పిలిచేవారు.

తమ్ముడూ నేనూ దండ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాం. పది గంటలకు మిల్లుకు ఇన్‌స్పెక్టర్ వస్తానన్నాడు. తమ్ముడు గడియారం చూసుకుని నాతో మా తెలుగులో, "అక్కా, యెక్కువ సేపు కూసోవద్దు. దండ యేసేసి కెలంబి పోదాం. ఆ ఇన్‌స్పెక్టరు వచ్చేస్తాడు" అన్నాడు. తల దగ్గర కూర్చుని ఉన్న అయ్య భార్య కళ్ళెత్తి చూసింది.

"మెల్లగా మాట్లాడమనండమ్మా" అంది తమిళంలో. "ఆయనకు మీ మాట తెలుసు."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. అయ్య తల్లి మాలాంటి తెలుగువాళ్ళ తోట ఇంట్లోనే పాచిపని చేసేదట. ఆ ఇంటి పిల్లలతో ఆడుకుంటూ ఈయన పెరిగారట. మా మిల్లులో చేరేనాటికే తెలుగు మాట మాటా తెలుసట. "ఎందుకు చెప్పలేదు మాకు?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినబడింది. ఆమె అంది: "మేమూ అడిగామమ్మా. పాపం, వాళ్ళకూ మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలి కదా, అనేవారు."

ఇది చదివే ఆంధ్ర వాళ్ళకు మా సంగతి కొంచెం చెప్పాలి. కోయంబత్తూరు, మదురై వైపు మేము ఎన్ని తరాలుగా ఉన్నామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేర్చుకున్నదీ తమిళమే. తెలుగు రాయడం నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. అయితే మా వ్యాపారాల్లో తెలుగుకు ఇంకో వాడకం ఉంది. పనివాళ్ళ ముందు, కొనేవాళ్ళ ముందు, ఆఫీసర్ల ముందు గుట్టుగా మాట్లాడుకోవాలంటే తెలుగులోకి దిగిపోతాం. లేచి తలుపు వేసుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్ళు ఆయన బల్లకు నాలుగు అడుగుల దూరంలో మేము అలాగే తలుపు వేసుకున్నామనుకుని మాట్లాడాం. ఆయన ఏమేం విన్నారో, విని మమ్మల్ని ఏమనుకున్నారో, ఆ రోజునుంచీ నాకు ఇదే ధ్యాస. అడుగుదామంటే మనిషి లేరు.

ఒకటొకటే గుర్తొస్తోంది. నాయన బతికున్నప్పుడు ఒకసారి, అయ్య చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకుంటూనే, చిన్నాయనతో, "ఈయప్ప మనకు పని చేస్తా ఉండాడా, లేబరాఫీసుకు చేస్తా ఉండాడా? యేమన్నా అంటే సట్టం సట్టం అంటాడు. వట్టి పీడ" అన్నాడు. అందరం పకపకా నవ్వాం. అయ్య కూడా నవ్వారు. ముదలాళి, అంటే యజమాని, నవ్వితే మర్యాదకు నవ్వుతున్నారనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళుంటాయి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆయన పద్ధతులు ఆయనవి. చట్టప్రకారం గోడకు తగిలించాల్సిన నోటీసులను మిల్లులో అందరికంటే పొట్టిగా ఉండే ఆమెను పిలిచి నిలబెట్టి, సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తులో తగిలించేవారు. "నోటీసు గోడకు కాదు పాపా, మనిషికి" అనేవారు. చదువు రానివాళ్ళకోసం షిఫ్టు మారేటప్పుడు తానే పైకి చదివి వినిపించేవారు. చట్టాల పుస్తకానికి గోధుమరంగు అట్ట. సవరణ వచ్చినప్పుడల్లా ఒక చీటీ రాసి ఆ పేజీలో అంటించేవారు. చివరికి ఆ పుస్తకం మూత పడేది కాదు, రబ్బరు బ్యాండు వేసి ఉంచేవారు. సెల్‌ఫోన్లు వచ్చాక ఏ గ్రూపులో ఏ కబురు వచ్చినా నమ్మేవారు కాదు. బస్సెక్కి వెళ్ళి, ఆఫీసులో అసలు కాగితం చూసి వచ్చి గానీ నోరు విప్పేవారు కాదు.

నాకేమో ముక్కు మీద కోపం. పూటకొక రూలైతే మిల్లు ఎవరు నడుపుతారని ఒకసారి ఆయన తెచ్చిన కాగితాలన్నీ విసిరికొట్టాను. ఆయన వంగి ఏరుకున్నారు. నంబర్ల వరసన సర్దుకున్నారు. "కోపం తగ్గినాక చదువుదాం పాపా, ఇవెక్కడికీ పోవు" అన్నారు. సాయంత్రం కూర్చుని చదివాం.

ఒక సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. కాన్పు సెలవు పన్నెండు వారాలనుంచి ఇరవై ఆరు వారాలకు పెంచిన ఏడాది అది. యాభై మంది, అంతకు పైన పనిచేసే చోట పసిపిల్లలకు గది కూడా ఉండాలన్నారు. అప్పుడే నూలు చుట్టే వైండింగ్‌లో పనిచేసే ఒక చిన్నపిల్ల, పెళ్ళయి ఏడాది కాలేదు, టైమాఫీసుకు వచ్చి సిగ్గుపడుతూ నెల తప్పిన కబురు చెప్పింది. నేను నవ్వుతూ మంచిదమ్మా అన్నాను తమిళంలో. తమ్ముడు కూడా నవ్వు మొహంతోనే నాతో తెలుగులో, "అక్కా, కడుపు బయటికి కనపడకముందే పనిలోంచి నిలిపేద్దాం. ఈమెకు లీవు ఇచ్చినామంటే ఇంగ వరసగా అందురూ వస్తారు" అన్నాడు. నేను కాదనలేదు. "సరే. యేదన్నా సాకు చూడు. ఊరికే నిలిపితే గొడవ చేస్తారు" అన్నాను. ఈ మాట అన్నది నేనే, వేరే ఎవరి మీదా పెట్టను. ఆ పిల్ల మా ఇద్దరి నవ్వులూ చూసి తానూ నవ్వుతూ నిలబడింది. అయ్య తల వంచుకుని రిజిస్టరు రాసుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్నే రబ్బరు బ్యాండు తీస్తూ నా గదికి వచ్చారు. "పాపా, నాకొక సందేహముంగ. కడుపుతో ఉన్న మనిషిని పనిలోంచి తీయకూడదని ఇప్పుడు కొత్తగా పెట్టారేమో అనుకున్నాను. చూస్తే పాత చట్టంలోనే ఉంది. రేపు ఎవరైనా అడిగితే నేను తప్పు చెప్పకూడదు కదా, ఒకసారి మీరూ చూడండి." వేలు పెట్టి ఒక్కో వాక్యమే చదివించారు. నేను చదివాను. ఆయన వెళ్ళాక తమ్ముడిని పిలిచి, "ఆ పిల్లను నిలిపే పేచ్చు వదిలెయ్" అన్నాను. దేవుడే ఈయన్ని సమయానికి పంపించాడని ఆ రోజు దీపం కూడా పెట్టాను! అలా సమయానికి వచ్చిన సందేహాలు ఎన్నో. ఒక్కసారైనా ఎందుకిలా జరుగుతోందని అనుమానం రాలేదు మాకు.

ఆ పిల్ల ఆరు నెలలు సెలవు తీసుకుని తిరిగొచ్చింది. పత్తి చెత్త వేసే గదికి సున్నం కొట్టించి, పసిపిల్లల గదిగా మార్చి, పాత చీరతో ఉయ్యాల కట్టినవారు అయ్యే. ఇవాళ్టికీ ఆమె మా దగ్గరే పనిచేస్తోంది. అంత్యక్రియల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమె. ఆ రోజు మా మాటలు ఆమెకు కూడా అర్థమయ్యాయేమో, అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

పోవడానికి అయిదు రోజుల ముందు తమ్ముడూ నేనూ ఆస్పత్రికి వెళ్ళాం. ముక్కులో గొట్టం. కళ్ళు మూసుకుని ఉన్నారు. కూతురు మందులకు కిందికి వెళ్ళింది. మంచానికి అటొకరం ఇటొకరం నిలబడ్డాం. పాత చట్టాలన్నీ కలిపి నాలుగు చేశారని, ఇకమీద ప్రతి మనిషికీ కాగితం మీద అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని మా మిల్లుల వాళ్ళలో గోలగా ఉంది. మా దగ్గర ఏనాడూ ఎవరికీ అలాంటి కాగితం ఇచ్చింది లేదు.

"అక్కా, అందురికీ ఈ పొద్దు తేదీయే యేసి ఇచ్చేస్తే సరిపోతాది. పాత రిజిస్టర్లు యెవురు తవ్వేది?" అన్నాడు తమ్ముడు.

"యెప్పుడూ ఈయన్నే కదరా అడిగేది. ఇంగ యెవుర్ని అడిగేది?" అన్నాను నేను. "మొగం చూసినావా? నాలుగు దినాలు కూడా తాళరు."

అయ్య కళ్ళు తెరిచారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ తమిళంలో అన్నారు: "పాపా, లెటర్లో చేరిన తేదీ నిజమైనదే వేయండి. ఈ రోజు తేదీ వేస్తే ఇన్నేళ్ళూ వాళ్ళు ఎక్కడున్నట్టు?"

ఆయన చెప్పినట్టే ఇచ్చాం తర్వాత. అప్పుడు మాత్రం తమ్ముడు ఆశ్చర్యపోయి, "చూడక్కా, ఈ తావులో కూడా మిల్లు నినప్పే, మిల్లు ద్యాసే ఈయనకు" అన్నాడు, మళ్ళీ తెలుగులోనే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా తమిళంలో చెప్పాను: "మీకేం కాలేదుంగయ్యా. వచ్చే వారం మిల్లుకు వచ్చేస్తారు."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"సరీంగ పాపా" అన్నారు. సూది గుచ్చి ఉన్న చెయ్యే మెల్లగా ఎత్తి, నా చేతి మీద పెట్టి, రెండుసార్లు తట్టారు.