బంగార్రాజు డ్రాగన్‌ని కూర్చోబెట్టిన పంచాయితీ

బంగార్రాజు పోయి ఏడాది దాటింది. సంతాప సభలో మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆయన న్యాయం చెప్పే తీరునే పొగిడాడు. ఆ న్యాయం రుచి చూసినవాళ్ళు మాత్రం సభలోకి రాకుండా భోజనాల దగ్గరే ఉండిపోయారు.

కలిదిండి వైపు ఆయన పెద్దమనిషి. చెరువు గట్ల తగువులు, అన్నదమ్ముల పంపకాలు, అలిగి పుట్టింటికి పోయిన కోడళ్ళ వ్యవహారాలు అన్నీ ఆయన అరుగు మీదికే వచ్చేవి. ఎవరు వచ్చినా ఆయన దగ్గర ఉన్న తీర్పు ఒకటే: సగం సగం. ఒకసారి అన్నదమ్ములిద్దరు నీళ్ళ ఇంజను కోసం కొట్టుకుంటే, ఇంజను పెద్దవాడికీ పైపులు చిన్నవాడికీ ఇప్పించాడు. ఆ ఏడు ఇద్దరి చేలూ ఎండిపోయాయి. ఎండితే ఎండాయి గానీ హెచ్చుతగ్గుల్లేకుండా ఎండాయని చాలాకాలం చెప్పుకున్నాడు.

తర్వాత చేలు పోయి రొయ్యల చెరువులొచ్చాయి. తగువులు పెరిగాయి, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు. కొందరు పోలీసు స్టేషన్‌కి పోయారు, కొందరు ఏలూరు లాయర్ల దగ్గరికి పోయారు. తగువులు ఎటు పోతే తనూ అటే పోవాలనుకున్నాడో ఏమో, చివరికి ఆయనా ఏలూరు వచ్చేశాడు. మేడ ఇల్లు కొని, కింద తనూ భార్య భాగ్యలక్ష్మీ ఉంటూ, పైభాగం అద్దెకిచ్చాడు. పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టి వరండాలో కుర్చీ వేసుకు కూర్చునేవాడు. ఎదురుగా ఇంకో రెండు కుర్చీలు వేయించేవాడు, వాదికీ ప్రతివాదికీ. వాటి మీద భాగ్యలక్ష్మి వడియాలు ఎండబెట్టుకునేది.

పైన అద్దెకున్న పిల్ల తేజశ్రీ. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వర్తకుల ఇంటి ఆడపిల్ల, ఏలూరులో బ్యాంకు ఉద్యోగం. గుడ్డు కూడా ముట్టని ఇల్లు వాళ్ళది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె దగ్గరికి ఇద్దరు స్నేహితులు వచ్చేవాళ్ళు: కైకలూరులో రొయ్యల మేత కంపెనీలో పనిచేసే దుర్గేష్, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే ఇందు. ఒక ఆదివారం పైనుంచి పాచికలు దొర్లిన చప్పుడు, వెనకాలే "చచ్చావ్ పో" అన్న మాట వినిపించేసరికి బంగార్రాజు మెట్లెక్కాడు.

"ఏమ్మా, మా ఇంట్లో క్లబ్బు పెట్టారా?"

"క్లబ్బు కాదు బాబాయ్‌గారూ, ఉత్త ఆటండీ," అంది తేజశ్రీ.

"పందెం ఏదీ?"

"పందెం ఏమీ లేదండీ."

"పందెం లేకుండా పాచికలెందుకు వేస్తున్నారమ్మా, ఇంత చదువుకుని?" ఆయన గొంతులో నిజమైన బాధే పలికింది.

తేజశ్రీ ఓపిగ్గా చెప్పింది. కథ తను నడిపిస్తుంది. మిగతావాళ్ళు ఒక్కో వేషం ఎంచుకుంటారు, ఒకరు కత్తి పట్టేవాడు, ఒకరు మంత్రగత్తె. ఎక్కడికెళ్తారో, ఏం చేస్తారో నోటితో చెబితే చాలు. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నదైతే చెడినట్టు. ప్రస్తుతం ఒక ఊరి మీద డ్రాగన్ పడింది. నిప్పులు కక్కే రెక్కల జంతువు, ఊళ్ళో పశువుల్ని ఎత్తుకుపోతోంది. దాన్ని చంపడానికి దుర్గేషూ ఇందూ కొండ మీదికి బయల్దేరారు.

బంగార్రాజు కళ్ళజోడు సర్దుకున్నాడు. "రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి మాట్లాడారా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"మాట్లాడకుండానే కత్తులు తీసుకుని పోతున్నారా? ఆ కుర్చీ ఇటు లాగు బాబూ."

ఆయన ఆటలోకి వచ్చింది అలాగే, ఎవరూ పిలవకుండా. "మీరు ఏ జాతి అవుతారండీ? మనుషులున్నారు, మరుగుజ్జులున్నారు, పొడుగు చెవుల ఎల్ఫులున్నారు," అని ఇందు అడిగితే, "ఇక్కడ కూడా అడుగుతారా," అని నిట్టూర్చి, "ఆ ఊళ్ళో ఎవరి ఓట్లు ఎక్కువో అదే రాయమ్మా," అన్నాడు. కత్తి వద్దన్నాడు. మంత్రాలూ వద్దన్నాడు. తను పెద్దమనిషినన్నాడు. అలాంటి వేషం ఆటలో లేదన్నాడు దుర్గేష్.

"లేదు కాబట్టే ఊరు అలా తగలబడుతోంది."

మొదటి రోజు వంతెన దగ్గర ఒక కాపలా రాక్షసుడు అడ్డం పడ్డాడు. వాడికి బంగార్రాజు హితబోధ మొదలుపెట్టాడు. బ్రహ్మాండంగా మాట్లాడాడు. ఇందు ముందున్న టీ మీద మీగడ కట్టింది. అప్పుడు పాచిక వేస్తే రెండు పడింది.

"వాడు వినలేదండీ," అంది తేజశ్రీ.

"ఇంతసేపు చెబితే వినకపోవడమేంటి?"

"రెండే పడిందండీ."

"నా మాటకి పాచికేంటమ్మా? గుండుగొలను నుంచి కైకలూరు దాకా ఎవర్నైనా అడుగు."

"కైకలూరులో అడిగానండీ అంకుల్," అన్నాడు దుర్గేష్. "అందుకే కత్తి తీసి పెట్టుకున్నాను."

తర్వాతి ఆదివారాలూ అంతే. తోడేళ్ళు వినలేదు, దారిదొంగలు వినలేదు, ఒక చెట్టు కూడా వినలేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఇందూ దుర్గేషూ ఫోన్లు చూసుకునేవాళ్ళు. పాచిక పడగానే ఫోన్లు పక్కన పెట్టి నరకడం మొదలెట్టేవాళ్ళు. తోడేళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆ ఫోన్లు చూడటం ఆయనకి గుచ్చుకుంది. కలిదిండిలో జనం రావడం మానేసినప్పుడు కాలం మారిందని సరిపెట్టుకున్నాడు. ఇక్కడా ఎవరూ వినకపోతే మారింది కాలం కాదన్నమాట. ఒక్కసారైనా ఈ పిల్లల ముందు తన మాట నిలబడాలి. ఆ పట్టుదలతో ఆయనకి అన్నం సయించడం మానేసింది.

మర్నాడు డ్రాగన్ గుహ చేరతారనగా శనివారం సాయంత్రం ఆయన తనకు తెలిసిన పని చేశాడు. కలిదిండి వైపు పెద్ద పంచాయితీ ఉందంటే, మొండికేసే పక్షం ఇంటికి ముందురోజే కొర్రమీను పంపిస్తారు. చేప పుచ్చుకున్నారంటే కూర్చోవడానికి ఒప్పుకున్నట్టే. బతికున్న కొర్రమీనులు రెండు బకెట్‌లో తెచ్చి తేజశ్రీ గుమ్మంలో పెట్టాడు.

తేజశ్రీ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "మేం తినమని మీకు తెలుసు కదండీ బాబాయ్‌గారూ."

"నీకు కాదమ్మా. దానికి."

"దేనికండీ?"

"కొండ మీద ఉన్నదానికి."

ఈలోగా ఒక చేప బకెట్‌లోంచి ఎగిరి, గచ్చు మీద జారుకుంటూ వంటింట్లో గ్యాస్ బండ వెనక్కి పోయింది. తేజశ్రీ మంచమెక్కి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. తాడేపల్లిగూడెంలో ఆవిడ ఫోన్‌లోనే ముక్కు మూసుకుంది. భాగ్యలక్ష్మి వచ్చి చేపని చీపురుతో రాబట్టి, రెండింటినీ కిందికి తీసుకుపోయి పులుసు పెట్టింది. డ్రాగన్ తరఫున పెద్ద ముక్కలు బంగార్రాజే తిన్నాడు.

అది లంచమన్నాడు మర్నాడు దుర్గేష్. వంటిల్లు ఎంత కడిగినా తేజశ్రీకి నీచువాసన వదల్లేదు. ఇంత వాసన భరించాక ఆటలో దానికి ఏదో ఫలితం ఉండాలనిపించిందామెకి. "చేపలు ముట్టాయండీ. కూర్చోవడానికి డ్రాగన్ ఒప్పుకుంది," అంది.

గుహ ముందు ఒక పక్క డ్రాగన్, ఒక పక్క ఊరి జనం. బంగార్రాజు గొంతు సవరించుకున్నాడు. "ఊళ్ళో ఉన్న పశువుల్లో సగం దానికి, సగం మీకు."

తేజశ్రీ గొంతు మార్చి ఊళ్ళో ముసలమ్మలా అడిగింది. "నాకున్నది ఒక్కటే ఆవండీ. అందులో ముందు సగం ఇవ్వనా, వెనక సగం ఇవ్వనా?"

కలిదిండిలో అరుగు మీద ఎవరూ ఆయన్ని ఈ ప్రశ్న వెయ్యలేదు. వేసేవాళ్ళని అరుగు దాకా రానిచ్చేవాళ్ళు కారు. దుర్గేష్ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఆయన వైపు చూశాడు.

"ఆవిడ ఆవుని ముట్టుకోవడానికి లేదు," అన్నాడు బంగార్రాజు.

"మరి మా సంగతేంటండీ? మాకూ ఒక్కోటేనండీ," అంది తేజశ్రీ ఇంకో గొంతుతో.

"అయితే ఎవరిదీ ముట్టుకోవడానికి లేదు. అది ఇంకో కొండ చూసుకోవాలి. ఇదే తీర్పు."

పుట్టి బుద్ధెరిగాక సగం కాని తీర్పు చెప్పడం అదే మొదలు. పాచిక వేశాడు. మూడు పడింది.

డ్రాగన్ లేచి నోరు తెరిచింది.

"పరిగెడదామా అంకుల్?" అంది ఇందు.

"తీర్పు చెప్పి పరిగెడితే అదేం తీర్పమ్మా? ఎవరూ కదలొద్దు. ఒకసారి అరిచి అదే చల్లబడుతుంది. ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను."

ఇందు పాచిక చేతిలో పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. "నేను కదలనండీ," అంది. దుర్గేష్ చాలాసేపు తటపటాయించాడు. ఎన్నో నెలలు కష్టపడి పెంచుకున్న వేషం అతనిది, ఆటలో చస్తే అదంతా పోయినట్టే. "సరే. కత్తి ఒరలో పెట్టేశాను. అంకుల్ చెప్పినట్టే కానీ."

డ్రాగన్ చల్లబడలేదు. ముగ్గురూ నిలబడ్డచోటే బూడిదయ్యారు. దుర్గేష్ తల పట్టుకున్నాడు గానీ ఆయన్ని ఒక్క మాట అనలేదు.

బంగార్రాజు మెట్లు దిగి వస్తుంటే భాగ్యలక్ష్మి ఆయన మొహం చూసి ఆగింది. "ఏవండీ, గెలిచారా?"

"లేదు. ముగ్గురం చచ్చిపోయాం."

"మరెందుకండీ ఆ నవ్వు?"

"కదలొద్దన్నాను. ఇద్దరూ కదల్లేదే."

"ఊళ్ళో మీ మాట విన్నవాళ్ళు మాత్రం బాగుపడ్డారా ఏంటి," అంటూ ఆవిడ లోపలికి నడిచింది.

ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఆమె వెనకాలే వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఆ కుర్రాడైతే కత్తి కూడా ఒరలో పెట్టేశాడే భాగ్యం," అన్నాడు.