పురుగుల ఇంట్లో అరుపు

రెండు వారాల కిందట ఒక శుక్రవారం పొద్దున మా అత్త కన్నుమూసింది. ఆ వేళకు నేను పెరట్లోని పెంకుటింట్లో అమ్మాయిలకు కరాటే నేర్పుతున్నాను. మంచం పట్టినప్పటి నుంచీ కిటికీ తెరిపించుకుని మా అరుపులు వింటూ పడుకోవడం ఆమెకు అలవాటు. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మ పోయిందే" అన్నాడు. అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చూడవచ్చినవాళ్ళందరూ చివరి మాట ఏమందని అడిగారు. ఏమీ అనలేదు. వింటూ వెళ్ళిపోయింది.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొస్తున్నది ఒక శబ్దం. మీలో పట్టుపురుగులు మేపే ఇంట్లో ఉన్నవాళ్ళకు అది తెలిసే ఉంటుంది. తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు కొరుకుతుంటే పెంకుల మీద సన్నటి వాన పడుతున్నట్టే ఉంటుంది. తొంభైల నడుమ కెలమంగలం దగ్గరి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, అది విని ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తాను. బయట ఎండ కాస్తోంది. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది, కానీ చప్పుడు బయటికి రాలేదు. పురుగులున్న చోట ఆమె నవ్వైనా మాటైనా అంతే, గాలి మాత్రమే వినిపించేది.

పెళ్ళికి ముందు నేను హోసూరులో కరాటే నేర్చుకున్నాను. నల్లబెల్టుకు ఒక్క మెట్టు కింద ఉండగా పెళ్ళయింది. చాలామందికి అది చిన్న విషయమే. నాకు మాత్రం అది పోతే నాలో సగం మనిషి పోయినట్టే అనిపించేది. అందుకని అందరికంటే ముందు లేచి, ఆవు కొట్టం వెనక మసక వెలుతురులో చేతులూ కాళ్ళూ ఆడించుకునేదాన్ని. ఒకరోజు అత్త ఆకు కోసుకురావడానికి గంప పట్టుకుని అటు వచ్చింది. నన్ను చూసి లోపలికి వెళ్ళి, విభూతి తెచ్చి నా నుదుట రాసి, చేతులు జోడించింది.

"ఏ తల్లివమ్మా నువ్వు? ఏం కావాల నీకు?"

పూనకం అనుకుందని అర్థమై నవ్వు ఆపుకోలేకపోయాను. "నేనే అత్తా. ఇది కరాటే. నాకు కావాల్సింది కాస్త స్థలమే" అన్నాను.

ఆమె చేతులు దించలేదు. నవ్వలేదు కూడా. అడిగింది దేవతైనా కోడలైనా, అడిగిన తరువాత ఇవ్వాలి అనుకున్నట్టుంది. "పురుగుల ఇంట్లో ఒక పక్క ఇస్తాను. కానీ ఆడ అరిచేది వద్దు. పురుగుకు సద్దు పడదు" అంది.

పురుగుల ఇల్లంటే పెరట్లోని పొడుగాటి పెంకుటిల్లు. మా ఇంట్లో డబ్బు ఎప్పుడూ రాబోయే పంట మీదే ఉండేది కనుక, సాధన సామాన్లు కొనే మాటే లేదు. తట్టల స్టాండ్లన్నీ ఒక గోడకు జరిపాం. గోనెసంచులు విప్పి, మధ్యలో రాగి గడ్డి పరిచి, దబ్బనంతో కుట్టి నేల మీద పట్టాగా వేశాం. పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు పాతబడినవి ఉంటే, నేను గోడకు కొట్టుకోకుండా వాటిని అడ్డంగా కట్టాం. ఇక గుద్దడానికి ఒక బస్తా కావాలి. దాన్ని నింపే పని అత్త తనే తీసుకుంది. పురుగులు తినగా మిగిలిన ఆకూ ఈనెలూ ఎండబెట్టి, కూరి కూరి నింపింది. అంత మెత్తటి బస్తా హోసూరులో కూడా చూడలేదు. మూడు పూటలు సంతోషంగా గుద్దాను. నాలుగో పూట వెళ్ళి చూస్తే కొక్కేనికి ఖాళీ గోనె వేలాడుతోంది, కింద మా ఆవు తీరిగ్గా నెమరు వేస్తోంది. పురుగుల ఎంగిలి ఆకంటే ఆవుకు ప్రాణమని మా ఇంట్లో అందరికీ తెలుసు, అత్తకు అందరికంటే బాగా తెలుసు.

"నీ శత్రువును అది తినేసింది పో" అని, రెండోసారి తన పాత చీరలు చింపి నింపింది. ఆ రంగుల పేలికలు కుట్ల సందుల్లోంచి ఇప్పటికీ కనిపిస్తాయి.

ఊళ్ళో మాటలకేం తక్కువ. పక్కింటావిడ ఒకసారి గోడ మీదుగా, "కోడలు తన్నేది నేర్చుకుంటా ఉండాదంట గదక్కా. రేపు నిన్నే తన్నితే?" అంది.

"తన్నితే తన్నించుకుంటాను లేమ్మా. చెప్పులేసుకోని నా పట్టా ఎక్కితే మాత్రం ఊరుకోను" అంది అత్త.

అలా ఆ వానలాంటి చప్పుడులో, ఆకు వాసనలో, కలలో నడిచినట్టు సాధన చేశాను. చర్మం విడిచే ముందు పురుగులు తినడం మానేసి తల ఎత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్ని జ్వరం అంటాం. అప్పుడు అత్త గుమ్మంలోంచి చేత్తో సైగ చేసేది. "జ్వరం మీద ఉండాయి. మెల్లిగా తన్నమ్మా." నేను నీళ్ళలో ఉన్నట్టు కాలు ఎత్తి, నీళ్ళలో ఉన్నట్టే దించేదాన్ని. దెబ్బతో పాటు రావాల్సిన అరుపును మింగేసేదాన్ని.

మింగడం ఎంత అలవాటైందంటే, హోసూరులో నల్లబెల్టు పరీక్షకు వెళ్ళినప్పుడు అన్నీ సరిగ్గా చేసి అరవలేకపోయాను. నోరు తెరిచాను, గాలి వచ్చింది. బెల్టు రాలేదు. ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆ పంట గూళ్ళు మార్కెట్‌కు పోయాక, ఖాళీ అయిన పురుగుల ఇంట్లోకి నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళింది.

"ఇప్పుడు పురుగు లేదు. గట్టిగా అరువు."

నాకు రాలేదు. ఆమె కొంగు నడుముకు దోపి, పట్టా నడుమ నిలబడింది.

"నేను జవళగిరిలో పుట్టినదాన్ని. ఆడ రాగిచేన్లోకి ఏనుగు వస్తే కొడతామా? అరుస్తాము. కడుపులోనించి రావాల. గొంతులో అరిస్తే ఏనుగు నవ్వుతాది."

అని, అరిచింది. పెంకుల కింది పిచ్చుకలన్నీ లేచిపోయాయి. ఆవు తాడు తెంపుకోబోయింది. ఇన్నేళ్ళూ గుసగుసగా బతికిన మనిషి లోపల అంత గొంతు ఉందని నేననుకోలేదు. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "ఏమీ లేదు, కోడలికి చదువు చెప్తుండాను" అంది. ఆ తరువాత నేనూ అరిచాను. అరిచి, ఆమె భుజం మీద పడి ఏడ్చాను. రెండోసారి బెల్టు వచ్చింది.

మోకాళ్ళు సహకరించక ఆమె పురుగులు మేపడం మానేశాక, ఆ పెంకుటిల్లంతా కరాటేకే ఇచ్చింది. ఊరి ఆడపిల్లలు రావడం మొదలుపెట్టారు. వాళ్ళందరికీ జవళగిరి అరుపే నేర్పాను.

కర్మకాండలు ముగిశాక నిన్న మళ్ళీ పురుగుల ఇంటి తలుపు తీశాం. నేనేమీ చెప్పలేదు, అయినా అమ్మాయిలెవరూ అరవలేదు. వట్టి పాదాలు గోనెపట్టా మీద జరుగుతుంటే సన్నటి వాన చప్పుడు వచ్చింది. పురుగులు మేస్తున్నట్టే ఉంది. ఆకుల గంపతో ఆమె వస్తుందని గుమ్మం వైపు చూశాను. చాలాసేపు అలాగే సాగనిచ్చాను.

తరువాత, "పురుగు లేదు. అరవండమ్మా" అన్నాను.

అరిచారు. గోడకున్న పాత చంద్రిక అదిరింది. దాని అల్లికలో ఎప్పుడో చిక్కుకున్న పట్టుపోగు ఒకటి ఊడి, కిటికీ వెలుతురులో తేలుతూ, కింద పడకుండా అలాగే ఉండిపోయింది.