ల్యాబ్‌లో పిల్లలు

క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలపై పరిశోధనకు నాకంటూ సొంత ల్యాబ్ దొరికిన కొత్తలో మేం డాలస్ పక్కన కాపెల్‌లో ఉండేవాళ్లం. ఆ కణాలకు వేళకు పోషక ద్రవం మార్చకపోతే చచ్చిపోతాయి. ముద్దుగా వాటిని ‘పిల్లలు’ అనేదాన్ని. "పిల్లలకి ఫీడ్ చేసి వస్తా" అని మా ఆయనకు చెప్పి ఆదివారాలు కూడా వెళ్లేదాన్ని.

ఓ ఆదివారం స్నేహితుల ఇంట్లో భోంచేస్తుంటే ఒక పెద్దావిడ, "మీకు ఒక్కతే పాపా అమ్మా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే మా నాలుగేళ్ల ఆద్య, "నో ఆంటీ, అమ్మకి ల్యాబ్‌లో చాలామంది పిల్లలు. వాళ్లకి టైమ్‌కి ఫుడ్ పెడుతుంది. నాకు డాడీ పెడతాడు" అంది.

అందరూ నవ్వారు. నేను నా కంచంలోంచి ఓ ముద్ద తీసి ఆద్య నోట్లో పెట్టాను.

ఇంటికొచ్చాక, అవి మనుషులు కాదని చెప్పి, మైక్రోస్కోప్‌లో తీసిన ఫొటో ఫోన్‌లో చూపించాను. ఆ చుక్కల్ని చాలాసేపు చూసి, "సో టైనీ. నాకన్నా బేబీస్ కదమ్మా. వెళ్లి వాళ్లకి పెట్టు" అంది.

ఆ సాయంత్రం కూడా వెళ్లాను. ఇప్పుడు వాటిని కణాలనే అంటున్నాను. కానీ ల్యాబ్ నుంచి రాగానే ఆద్య ఇంకా అడుగుతుంది, "పిల్లలు తిన్నారా?" అని. గుమ్మంలో అడుగు పెడుతూనే ‘తిన్నావా?’ అని దాన్ని అడగాల్సింది నేను.