నాయిన సున్నం వేసిన సమాధి

మా నాయిన సమాధి మీద నల్లరాతి పలక ఉంది. బంగారు రంగు అక్షరాల్లో 'దైవభక్తుడు, కుటుంబ ప్రేమికుడు' అని చెక్కి ఉంటుంది. దాని కిందే మా అమ్మ పేరు, ఆయన పక్కన నిద్రపోతున్నట్టు. నా తమ్ముళ్ళిద్దరూ వనపర్తిలో చెక్కించి ఆటోలో తెచ్చారు. అక్షరాలు ముచ్చటగా కుదిరాయి. అమ్మ మాత్రం అక్కడ లేదు.

నాయిన నిండుగా బతికాడు. చివరిదాకా పళ్ళు, గొంతు రెండూ గట్టిగా ఉన్నాయి. గొంతైతే మరీ. పెద్దమందడి పక్కన మా ఊళ్ళో పొద్దుగూకిందంటే ఇంట్లో జపమాల మొదలయ్యేది. అది ముగిసేదాకా ఎవరూ ముద్ద ముట్టడానికి లేదు. బండల మీద మోకాళ్ళూని ఉంటే, పొయ్యి మీది జొన్న గటుక వాసనకు తమ్ముళ్ళు మరియతల్లిని మరిచిపోయి నావైపు చూసేవాళ్ళు. నాయిన కళ్ళు మూసుకునే ఉండేవాడు కానీ, ఎవరి నోరు ఆగిందో ఎట్లాగో పసిగట్టేవాడు. "దేవుని కన్న కడుపే ఎక్కువైందా మీకు?" అని మళ్ళీ మొదటినుంచి చదివించేవాడు. ఆ గటుక వండింది నేను. వండేటప్పుడు లేని పాపం తినాలనుకున్నప్పుడు ఎక్కడినుంచి వచ్చేదో!

అమ్మ పోయాక ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. దాన్ని ఊరంతా త్యాగం అనేది. ఆదివారం పూజ అయ్యాక ఆడవాళ్ళు గుడి బయట నిలబడి "పిల్లల కోసం బతుకంత ధారవోసిండు" అని కళ్ళొత్తుకునేవాళ్ళు. వంట, నీళ్ళు, బట్టలు, తమ్ముళ్ళ చీమిడి ముక్కులు అన్నీ నా చేతిలో పెట్టిన మనిషి తాను ధారపోసిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మ పోయినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. పాలమూరు కూలీలందరిలాగే ఎక్కడో దూరాన ఆనకట్ట పనిలో ఉన్నాడు. దానికి నేను ఆయన్ని తప్పుపట్టను. కబురు పంపే దారి లేదు, వాన ఆగేలా లేదు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు, మాకు జపాలు నేర్పే ఉపదేశి కలిసి అమ్మను సమాధుల తోటలో మట్టి చేశారు. సిలువ చేద్దామంటే వడ్లాయన కూడా వలస పోయి ఉన్నాడు. అందుకని మా అమ్మమ్మ పగిలిన ఇసుర్రాయి చెక్కను అమ్మ తలవైపు పాతించింది. అమ్మ బతికినన్నాళ్ళు విసిరిన రాయి. ఇంటినుంచి దాన్ని నేనే మోసుకెళ్ళాను.

ఆ వానల్లోనే గుడిలో డోలక్ వాయించే ఆయన కూడా పోయాడు. నాయినకూ ఆయనకూ బొత్తిగా పడేది కాదు. పవిత్ర శుక్రవారం ఊరేగింపులో పెద్ద సిలువ ఎవరు మోయాలని ఏటా గొడవ. క్రీస్తు మీద బలవంతాన మోపిన సిలువ కోసం మా ఊళ్ళో ఇద్దరు కాలర్లు పట్టుకునేవాళ్ళు. ఆయన్ని అమ్మ పక్కనే మట్టి చేశారు. కొడుకులు రెండు కట్టెలు కట్టి సిలువ నిలబెట్టి, తల్లిని వెంటబెట్టుకుని బొంబాయి పోయారు. మళ్ళీ రాలేదు.

తరువాత నాయిన వచ్చాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా తోటలోకి పోయి, సిలువ ఉన్న పచ్చి సమాధి మీద పడి గుండెలు బాదుకున్నాడు. తన భార్యకు సిలువ లేకపోవడమేమిటని ఆయన ధీమా.

"నాయినా, అది కాదు. అమ్మ గా రాయి కాడ ఉంది" అన్నాను.

"ఏంది నువ్వు నాకు చెప్పేది? నా పెండ్లాం ఏడుందో నాకు తెల్వదా?"

అమ్మమ్మ చెప్పినా అదే తీరు. "రాళ్ళు వెట్టుకునేటోళ్ళు వేరే. మనం సిలువోళ్ళం" అని ఆ ముసలిదానికే ఉపదేశం చేశాడు. అసలు ఉపదేశి అప్పటికే గద్వాల వైపు ఊరికి మారిపోయాడు. మట్టి చేసిన ముసలివాళ్ళు నాయిన గొంతుకు జడిసి అడ్డు చెప్పలేదు. ఆడవాళ్ళ మాట ఇక ఎవరికి కావాలి?

అప్పటినుంచి ఏటా సమాధుల పండుగకు నాయిన తన పాత శత్రువుకు సున్నం వేశాడు, బంతిపూలు పరిచాడు, కొవ్వొత్తులు ముట్టించాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సున్నం బకెట్ పెట్టుకోవడానికి ఆయనకు పక్కనే ఒక మంచి రాయి దొరికింది. అది అమ్మ తల దగ్గరి ఇసుర్రాయి. పెళ్ళయి బిజినేపల్లి వెళ్ళాక నేను ఆ రోజుకు బస్సెక్కి వచ్చేదాన్ని. నేను రాయి దగ్గర కొవ్వొత్తి పెడితే ఆయన నన్ను జాలిగా చూసేవాడు. "మంచిదే బిడ్డా. దిక్కులేనోళ్ళ ఆత్మలకు గూడ జపం చెయ్యాలె" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

తమ్ముళ్ళ చేతుల్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో నాయిన మంచాన పడ్డాడు. వనపర్తి దవాఖానలో మా ముగ్గుర్నీ దగ్గరికి పిలిచాడు. "నన్ను మీ అమ్మ పక్కల వెట్టుండ్రి" అన్నాడు.

"ఏ పక్కల?" అన్నాను నేను.

"నేను సున్నమేసిన కాడ" అని కళ్ళు మూసుకున్నాడు.

అంత్యక్రియల నాడు నేను తోటలోకి వెళ్ళేసరికి డోలక్ ఆయన అవతలి పక్కన గుంత సగం తవ్వారు. అక్కడ పెడితే మొగుడికీ పెళ్ళానికీ మధ్య ఆ డోలక్ ఆయన పడుకుని ఉంటాడు. అమ్మకు ఈ పక్కన బోలెడు చోటు ఖాళీ. తమ్ముళ్ళను పక్కకు పిలిచి చెప్పాను. చిన్నప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పాను.

"అక్కా, ఇప్పుడు గిదంత ఎందుకు?" అన్నాడు పెద్ద తమ్ముడు. "ఊరంత చూస్తుండ్రు. ఫాదర్ గూడ వచ్చిండు. నాయిన ఇజ్జత్ పోతది."

"ఆ రాయి కింద అమ్మనే ఉందని నీకెట్ల తెల్సు?" అన్నాడు చిన్నవాడు.

"రాయి మోసింది నేను" అన్నాను.

గుంత తవ్వడం ఆగలేదు. మరణం కూడా ఈ దంపతుల్ని వేరు చేయలేకపోయిందని ఫాదర్ ప్రసంగం చేశాడు. అందరూ ఏడ్చారు. నాకూ కన్నీళ్ళు వచ్చాయి, కోపంతో. చచ్చాక కూడా ఆయన మాటే నెగ్గింది, అమ్మ అక్కడే ఒంటరిగా ఉండిపోయింది.

మరుసటి ఏడు పండుగకు తమ్ముళ్ళు రాలేదు. నల్లరాయికి సున్నం అక్కర్లేదు గదా అని ఫోన్లో చెప్పారు. నేనొక్కదాన్నే బకెట్ పట్టుకుని వెళ్ళాను. అమ్మ రాయి మీదికి పెరిగిన గడ్డి పీకి, బకెట్ లేకుండా మొదటిసారి చూస్తే, తోటలో ఏ సమాధీ లేనంత తెల్లగా ఉంది. ఇన్నేళ్ళూ నాయిన బకెట్ నుంచి ఒలికిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఉంది. ఆయన చేతినుంచి అమ్మకు అందింది అదొక్కటే. దాన్ని గోళ్ళతో గీకేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

లేచి నల్లరాయి దగ్గరికి వెళ్ళి ఒక కొవ్వొత్తి ముట్టించాను. "నాయినా, అమ్మ ఈడ లేదు. గా రాయి కాడ ఉంది. ఇప్పుడన్న ఇను" అని పైకే అన్నాను. మొదటిసారి ఆయన నా మాటకు అడ్డం రాలేదు.

మళ్ళీ అమ్మ దగ్గరికి వచ్చాను. బకెట్‌ను రాయి మీద కాకుండా నేల మీద పెట్టి, సున్నం వేయడం మొదలుపెట్టాను.