ఒకే బెంచీ పిల్లలు

హైమావతికి కోపమొస్తే మాట తడబడదు. కారంపూడిలో పుట్టి, నరసరావుపేటలో పురుగుమందుల కొట్టున్న త్రికోటేశ్వరరావును చేసుకుంది. పొలంలో కూలీలనైనా, కొట్టులో గుమాస్తాలనైనా నోటితోనే అదుపులో పెట్టుకొచ్చింది. కాలేజీ మేడమీద కొడుకు వెంకటసాయి గంజాయి తాగుతూ దొరికాడని కబురొచ్చిన రోజు, ఏడుపుకన్నా ముందు ఎవరిని తిట్టాలో ఆమెకు తెలిసిపోయింది.

సాయితోపాటు దొరికినవాడు షబ్బీర్. ఇద్దరిదీ ఇంటర్ రెండో సంవత్సరం, ఒకే బెంచీ. షబ్బీర్ తల్లి అంజుమ్ కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. త్రికోటేశ్వరరావును కూర్చోబెట్టి ప్రిన్సిపాల్, "చదువు ఒత్తిడి సార్, కౌన్సెలింగ్ ఇప్పిద్దాం" అన్నాడు. షబ్బీర్‌కు మాత్రం ఆ సాయంత్రమే టీసీ ఇచ్చేశాడు.

మర్నాడు హైమావతి అంజుమ్ ఇంటికి వెళ్లింది.

"ఏమ్మా, పిల్లల్ని కని రోడ్డుమీదికి వదిలేస్తావా? నా కొడుక్కి సిగరెట్టు వాసన కూడా తెలవదు. మీవోడే వాణ్ణి చెడగొట్టాడు!"

అంజుమ్ కుర్చీ వేసింది. "కూర్చోండమ్మా. మంచినీళ్లు తాగండి."

గుమ్మం పక్కన షబ్బీర్ తల వంచుకుని నిలబడ్డాడు. చెంప వాచి ఉంది. హైమావతి కూర్చోలేదు, నీళ్లూ తాగలేదు.

తర్వాతి వారం గుంటూరు డాక్టరు దగ్గరికి కారులో వెళ్తుండగా సాయి ఉన్నట్టుండి అన్నాడు: "అమ్మా, షబ్బీర్‌గాడికి అలవాటు లేదే. తెచ్చింది నేనే. ఒక్కసారి తాగి చూడరా అని నేనే ఇచ్చా."

కారు నడుపుతున్న త్రికోటేశ్వరరావు వెనక్కి తిరగకుండానే, "ఈ మాట ఈ కారు దాటకూడదు" అన్నాడు.

హైమావతికి అన్నం సయించలేదు. చెబితే కన్నకొడుకును బజారుకీడ్చినట్టు. చెప్పకపోతే ఆ వాచిన చెంప కళ్లముందే ఉంటోంది. చివరికి భర్తకు తెలియకుండా ఆటో ఎక్కి కాలేజీకి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీరు టెన్షన్‌లో ఉన్నారమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. "ఇప్పుడు తిరగదోడితే మీవాడికే దెబ్బ."

ఆ మాటతో ఆమె లేచి నిలబడింది. గుండె తేలికపడింది. ఎందుకు తేలికపడిందో తెలిసి, మెట్లు దిగుతుంటే సిగ్గేసింది. ఇంటికి పోబుద్ధి కాలేదు. అంజుమ్ ఇంటికి పోయింది.

"మీవోడి తప్పేం లేదంట అంజుమ్. మావాడే ఇచ్చాడంట."

"తెలుసమ్మా. ఆ రోజు మీరొచ్చేముందే వాడు చెప్పాడు."

"మరి నేనన్ని మాటలంటుంటే ఎందుకూరుకున్నావు?"

"చెబితే నమ్మేవాళ్లా?"

హైమావతి నోరు తెరిచింది. నమ్మేదాన్నే అనబోయి ఆగిపోయింది. ఆ రోజు తన మనసులో ఏముందో ఎంత వెతుక్కున్నా తేలలేదు. ఈసారి మాత్రం అడగకుండానే కుర్చీలో కూలబడింది.

సాయి మందులు వాడి, పరీక్షలు రాశాడు. షబ్బీర్ ఒక మెకానిక్ షెడ్డులో పనికి కుదిరి, ఓపెన్ ఇంటర్ కట్టాడు. హైమావతి ఇప్పుడు కూడా అప్పుడప్పుడూ అంజుమ్ ఇంటికి వెళ్తుంది. ఏం చెయ్యడానికి వెళ్తున్నావని భర్త అడిగితే, "కూర్చోడానికి" అంటుంది.