తాళం బొమ్మ రాని ప్రార్థన

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో పక్కన కూర్చున్న పెద్దావిడ తన ఫోన్ నాకు చూపించింది.

"బాబూ, అందరికీ రాస్తే మెసేజీ పక్కన తాళం బొమ్మొస్తాది. మా పాస్టరమ్మగారికి రాస్తే రాదేటి?"

అది ప్రార్థన మనవి. అందులో ఒకమ్మాయి పేరూ, ఆమె జబ్బూ ఉన్నాయి.

"ఆవిడది వేరే రకం ఫోనండీ. మెసేజీకి మీ ఫోన్ వేసే తాళం అక్కడ పనిచెయ్యదు. మధ్యలో ఎవరైనా చదివే వీలుంది," అన్నాను.

తాళం పడే వేరే యాప్ ఏదో చెప్పబోయాను. ఈలోపే పెద్దావిడ ఆ అమ్మాయి పేరు చెరిపేసింది, తర్వాత జబ్బు. 'ఒక చెల్లి కోసం ప్రార్థించండి' అని మాత్రం మిగిల్చి పంపింది.

"ఎవరి కోసమో పాస్టరమ్మగారికి తెలియదు కదండీ?"

"ఆవిడకి తెలకపోతే ఏటి బాబూ? ఇనే దేవుడికి తెల్దేటి!"

నేనీ ఊరి కాలేజీలో చదివేది ఫోన్ల భద్రతే. కానీ ఎవరి కష్టం రాస్తున్నా, పేరు దగ్గర వేలు ఆపడం మాత్రం నాకు ఆవిడే నేర్పింది.